ఎవరి మందు ఎవరు మింగారు

పాలడబ్బా చాప మీద బోర్లించిన చప్పుడుకి అన్నమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. రెండు చేతులకీ మినప్పిండి. ఆ మధ్యాహ్నం చర్చి స్త్రీల సమాజం కూడిక ఈ ఇంట్లోనే. గారెలకి రుబ్బిన పిండి అది.

"ఏటే అది? మందులడబ్బా అలగ ఒలకబోసీసినావేటి?"

పద్మజ తలెత్తలేదు. మందు అట్టలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. అత్తగారి బీపీ బిళ్లలు ఒక పక్కకి తోసింది. జ్వరం బిళ్లలు ఇంకో పక్కకి. చివరికి ఆమెకి కావలసినవి దొరికాయి. సగం ఎరుపు, సగం పసుపు ఉన్న గొట్టం బిళ్లలు. అట్టలన్నీ ఖాళీ. ఒక్కదాంట్లో మాత్రం కొన్ని మిగిలాయి.

"అత్తా, ఈ ఎర్రబిళ్లలు ఎవులివి?"

"ఎవులివేటి? నీవే."

"నావని ఎవులు సెప్పినారు?"

"నీ మొగుడే. వైజాగు నుంచి తెచ్చిన నాడే అన్నీ ఈ డబ్బాలో పోసీసి, పద్మకేనమ్మా అన్నాడు. దినామూ పొద్దున్న నా సేత్తో నీకు ఇస్తన్నాను కాదేటి? మర్సిపోనావా?"

పద్మజ మర్చిపోలేదు. ఆ ఇంట్లో ఎవరి మందైనా అన్నమ్మ చేతి మీదుగానే నోట్లోకి వెళ్లాలి. పొద్దున్నే ముగ్గురూ మోకరించి కుటుంబ ప్రార్థన ముగించాక, అన్నమ్మ పాలడబ్బా మూత తీసేది. బిళ్ల అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నాలుగు మాటలు ప్రార్థించి, ఆమేన్ అన్నాకే ఇచ్చేది. బిళ్ల మీద ఆవిడకి ఉన్న నమ్మకం కొంచెమే. మిగతాదంతా ఆమేన్ మీదే.

ఎర్రబిళ్ల వేసుకున్నాక పద్మజకి కడుపులో తిప్పేది. గొంతు మండేది. అయినా ఒక్క పూట మానలేదు. బిడ్డ కోసం కదా అనుకుంది.

"ఇవి నావి కావంట అత్తా. బావవంట. ఇందాక డాక్టరమ్మ ఫోను సేసినారు."

అన్నమ్మ పిండిచేతులు గాల్లోనే ఆగిపోయాయి.

సింధూరి డాక్టరమ్మ ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి. ఈ పొద్దు ఫోనులో మాత్రం ఆవిడ చిరాకు దాచుకోలేదు.

"పద్మజా, మీ ఆయన శాంపిల్ మళ్లీ చూశాం. చీముకణాలు తగ్గలేదు. క్రిములు అలాగే ఉన్నాయి. కోర్సు పూర్తిగా వాడారని చెప్పావే?"

"వాడారు మేడమ్. ఆఫీసులో ఉంచుకుని వేసుకుంటున్నానన్నారు."

"ఎరుపూ పసుపూ క్యాప్సూళ్లే కదా?"

"అవి నాకు కదా మేడమ్? తెల్లవీ అవీ నేనే వేసుకుంటున్నాను."

అవతల డాక్టరమ్మ కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"నీకు రాసినవి తెల్లవి మాత్రమేనమ్మా. ఎర్రవి మీ ఆయనకి. ఇద్దరికీ ఒకేసారి మందు పడాలని అందుకే కదా చెప్పాను! ఆయన మందు నువ్వు మింగితే ఆయన రోగం ఎలా పోతుంది?"

వైజాగు ఆస్పత్రిలో ఆ రోజు మందుల కౌంటరు దగ్గరికి వెళ్లింది ఆమె మొగుడు డేవిడ్‌రాజు ఒక్కడే. పద్మజ స్కానింగు గదిలో ఉంది.

వచ్చే వారం మొదలుపెట్టాల్సిన ఇంజెక్షన్లు ఆపేస్తున్నానని డాక్టరమ్మ చెప్పింది. "టెస్ట్‌ట్యూబ్ పద్ధతి అంటే అన్నీ మేమే సరిచేసేస్తాం అనుకుంటారు. నీ అండం, ఆయన వీర్యకణం ఒకే గాజుగిన్నెలో కలవాలి. ఎంత కడిగినా క్రిములు వెంట వస్తే పిండం అక్కడే పాడైపోవచ్చు. ముందు ఆయన మందు. తర్వాత మళ్లీ పరీక్ష. అది బాగుంటేనే నీకు సూది."

"తగ్గుతుందా మేడమ్?"

"తగ్గుతుంది. మందున్న రోగం ఇది. వదిలేస్తే మాత్రం వీర్యకణాలు వచ్చే నాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నాకూ కష్టమే, మీకూ కష్టమే."

మందున్న రోగం. ఆ ఒక్క మాటా పద్మజ కొంగున ముడేసుకుంది. ఆ తర్వాతే లేచి పాలడబ్బా దించింది.

"మా డేవిడ్‌కి రోగమేటి?" అన్నమ్మ గొంతు లేచింది. "ఉక్కులాటి మనిసి. కరెంటు స్తంభం ఎక్కీవోడికి రోగముంటాదేటి? ఆ డాక్టరమ్మకి ఎవులి రిపోర్టో ఎవులికో సెప్పీసినట్టున్నాది."

"రెండుసార్లు సూసినారంట."

"మూడోసారి సూడమను."

గేటు దగ్గర బండి ఆగింది. లైన్‌మేన్ డ్యూటీ నుంచి టిఫినుకి వచ్చిన డేవిడ్‌రాజు గుమ్మంలో చెప్పులు విప్పబోయాడు. చాప మీది ఎర్ర అట్టలు కనిపించాయి. విప్పిన చెప్పులో మళ్లీ కాలు పెట్టాడు.

"లైను ట్రిప్పయిపోనాదంట. నాను ఎల్లాలి."

"ఎల్దువు గాని. ముందు రా బావా, కూకో."

అతను కూర్చోలేదు. తల్లి వైపు చూశాడు. అట్టల వైపు చూశాడు. తర్వాత ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నట్టు పైకి చూశాడు.

"పదకొండువేల వోల్టుల తీగ పక్కన నిలబడతావు," అంది పద్మజ. "ఈ ఏలెడు బిళ్లకి బయమేసినాదేటి నీకు?"

"బయం కాదే."

"మరేటి?"

అతను బండి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"సెప్పురా నాయినా," అంది అన్నమ్మ. "నీకేటీ లేదని దానికి సెప్పు. నాను గారెలు ఏసుకోవాలి."

"ఉన్నాదమ్మా," అన్నాడు డేవిడ్‌రాజు.

వంటింట్లో పొయ్యి మీద పెట్టిన నూనె కాగిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. చివరికి పద్మజే వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

"మందులిచ్చీవోడు అందరి ముందూ అరిసినాడు," అన్నాడు డేవిడ్‌రాజు గోడకి చెబుతున్నట్టు. "ఇది మగోళ్ల ఇన్ఫెక్షనుకి, కోర్సు అయ్యీదాకా బార్య దగ్గరికి ఎల్లకూడదు అని. వరసలో ఉన్నోళ్లందరూ నాకేసే సూసినారు. ఈడు ఎక్కడికెల్లి తగిలించుకొచ్చినాడో అన్నట్టు. నువ్వూ అలగే అడుగుతావనిపించింది."

"నాను అడిగినానేటి?"

"అడగలేదు."

"అయితే ఇప్పుడు అడుగుతన్నాను. ఎక్కడికైనా ఎల్లినావా?"

"లేదు. బైబిలు మీద ఒట్టు."

"ఒట్టు పెట్టకూడదురా!" అని అన్నమ్మ అంత కంగారులోనూ కొడుకుని కసిరింది. "అవునంటే అవుననాల, కాదంటే కాదనాల."

"కాదమ్మా. కాదు, కాదు."

పద్మజ మొగుడి చెయ్యి చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు అతను చెవి వెనక గోక్కుంటాడు. మందులు ఆఫీసులో పెట్టుకున్నానన్న రోజూ గోక్కున్నాడు. ఆమె చూసింది, చూసి పోనీలే అనుకుంది. ఇప్పుడు అతని చెయ్యి చొక్కా అంచు నలుపుతోంది గాని చెవి దాకా వెళ్లలేదు. ఆమెకి అది చాలు.

"మరి ఎప్పట్నుంచి?"

"హుద్‌హుద్ తుఫానప్పుడు," అన్నాడు. "మమ్మల్ని అందర్నీ వైజాగు పంపీసినారు కాదేటి? పొద్దున్న స్తంభం ఎక్కితే పొద్దోయేదాకా దిగడానికి లేదు. తాగడానికి నీళ్లు లేవు. ఒంటికి పోవడానికి కుదిరీది కాదు. అక్కడే మంట మొదలైనాది. జొరమొచ్చింది. వాసిపోనాది. అక్కడే ఒక డాక్టరు సూదులేసినాడు. నొప్పి తగ్గినాది. రోగమూ తగ్గిపోనాదనుకున్నాను."

"ఎన్ని సూదులు ఏయించుకోమన్నాడు?"

"నొప్పి తగ్గినాక మరి ఎల్లలేదు."

అతను డాక్టరమ్మకి కూడా ఈ సంగతి చెప్పలేదు. ఇలాటిది మూత్రం మంటతో మొదలై లోపలికి దిగవచ్చని, ప్రతిసారీ తిరుగుబోతుతనమే అక్కర్లేదని ఆవిడ మొదటి రోజే చెప్పింది. అప్పుడూ డేవిడ్‌రాజు ఫ్యానే చూశాడు.

పద్మజ మెల్లగా అంది. "హుద్‌హుద్‌కి ముందు ఏడు నాకు నెల తప్పినాది."

మూడో నెలలో పోయింది ఆ కడుపు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"తుఫాను తర్వాత ఒక్కపాలి కూడా తప్పలేదు," అంది పద్మజ.

అన్నమ్మ చాప మీద చతికిలబడింది. ఆవిడ చేతుల మీది పిండి ఎండి తెల్లగా పగుళ్లు పట్టింది. వీధిలో అరసవల్లి గుడికి వెళ్లే ఆటోవాడు ఎవరినో కేకేసి పిలుస్తున్నాడు.

"సరే," అన్నాడు డేవిడ్‌రాజు ఎంతకో. "ఏసుకుంటాను. రేపట్నుంచే ఏసుకుంటాను."

"ఏసుకుంటావు. నాకు తెలుసు," అంది పద్మజ. "ఇంకోటి ఉన్నాది. అత్తా, ఈ పొద్దు కూడికలో ప్రార్థనాంశం మార్సాల."

అన్నమ్మకి వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు చూసింది.

బేస్తవారం కూడికలో పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి దేని కోసం ప్రార్థించాలో చెబుతారు. ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి మోకాళ్ల నొప్పి. అన్నమ్మది నాలుగేళ్లుగా ఒకటే. మా కోడలు పద్మజ గర్భం తెరవబడాలని. అందరూ అయ్యో ప్రభువా అని నిట్టూర్చేవారు. సంఘంలో పద్మజలు ముగ్గురు. మొదట్లో ఈమెని కుట్టుమిషను పద్మజ అనేవారు. ఇప్పుడు ప్రార్థనాంశం పద్మజ అంటున్నారు. కిందటి నెల కూరగాయల బజారులో ఒకావిడ వంకాయల బుట్ట కింద పెట్టి మరీ, పద్మజ పొట్ట మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది.

"ఏటి మార్సాల?"

"ఎవులికి రోగమున్నాదో ఆళ్ల పేరు సెప్పాల."

"మగోడి సంగతి ఆడోళ్ల కూడికలో పెడతావేటే?" అన్నమ్మ లేచి నిలబడింది. "రేపు ఆడు సంఘంలో తలెత్తుకు తిరగాలా, వొద్దా?"

"నాను తిరగలేదేటి?"

"నువ్వు ఏరు."

"ఎలగ ఏరు అత్తా? సెప్పు. నాను వింటాను."

అన్నమ్మ చేతుల మీది ఎండిన పిండి గోటితో గీరుకుంది.

"పద్మా, ఒద్దే," అన్నాడు డేవిడ్‌రాజు. "నీ కాళ్లు పట్టుకుంటాను. నోరు మూసుకుని బిళ్లలు మింగుతాను."

"నోరు మూసుకుని బిళ్ల ఎలగ మింగుతావు బావా?"

నవ్వు రాబోయి అతని మీసాల్లోనే ఆగిపోయింది.

"నాను మా అమ్మింటికి ఎల్లిపోను," అంది పద్మజ. గొంతు పెంచలేదు. "ఎవులితోనూ తగువుకి రాను. ఇక్కడే ఉంటాను, వండుతాను, మిషను కుట్టుకుంటాను. కానీ ఈ పొద్దు కూడికలో నా గర్భం మాట మళ్లీ వినిపించినాదంటే, డాక్టరమ్మ పిలిసినా సూదికి ఎల్లను. బిడ్డ నాకూ కావాల. మీ ఇద్దరి కన్నా నాకే ఎక్కువ కావాల. అయినా ఎల్లను."

డేవిడ్‌రాజు టిఫిను తినకుండానే బండి తీసుకుని వెళ్లిపోయాడు. పద్మజ అట్టలు ఏరి డబ్బాలో వేస్తూ చూసుకుంది. బిళ్లలు మిగిలిన ఆ ఒక్క అట్ట లేదు. వేసుకోవడానికి తీసుకెళ్లాడో, దారిలో నాగావళిలో పారేయడానికి పట్టుకెళ్లాడో.

ఆమె అరుగు మీది మిషను దగ్గరికి వెళ్లింది.

మిషను మీద షీబా జాకెట్టు ఉంది. పొందూరు ఖద్దరు, నేరేడుపండు రంగు అంచు. విజయనగరం నుంచి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది షీబా. పక్కలు బిగుతైపోయాయి, విప్పి కుట్టవే అని ఫోను చేసింది. పద్మజ ఏ జాకెట్టు కుట్టినా లోపల రెండు వేళ్ల బట్ట మడిచి వదులుతుంది. ఆడవాళ్ల ఒళ్లు ఎప్పుడూ ఒక్కలాగే ఉండదని ఆమె లెక్క. పాత కుట్టు విప్పితే చాలు, జాకెట్టు మనిషితో పాటు పెరుగుతుంది.

షీబా ఒకప్పుడు దానమ్మ కోడలు. సమాజానికి పెద్ద దానమ్మ. ఆవిడ కొడుకు రాబర్టుకి పిల్లలు లేరని, రెండేళ్ల కిందట పెద్దమనుషుల్ని కూచోబెట్టి షీబాకి విడాకులిప్పించి పంపేశారు. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు ఎక్కించడానికి వెళ్లింది పద్మజ ఒక్కతే. కిటికీ ఊచ పట్టుకుని షీబా అడిగింది. నాలో ఏటి తక్కువే పద్మా? బస్సు కదిలింది. ఇప్పటికీ ఆ కాంప్లెక్సులో అడుగు పెడితే ఆమె కళ్లు ఆ ప్లాట్‌ఫారం మీదికే పోతాయి.

రాబర్టుకి మళ్లీ పెళ్లి చేశారు. ఆ పిల్లకీ ఇంకా ఏమీ లేదు. షీబాకీ విజయనగరంలో ఒక మంచివాడితో పెళ్లయింది. మిగతా సంగతి షీబా పద్మజ ఒక్కతెకే చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని.

కిందటి నెల దానమ్మే అన్నమ్మ చెవిలో అంది. "ఎన్నాళ్లు సూస్తావు వదినా? మీ డేవిడ్‌కి ఏటి తక్కువ? మేము సెయ్యలేదేటి?" చెవిలో అన్నదే గాని అరుగు మీది మిషను దాకా వినిపించింది.

పద్మజ కొత్త కుట్టు వేసింది. చివర దారం పళ్లతో తెంపింది.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు చెప్పులు నిండిపోయాయి. చాపలు చాలక పక్కింటి నుంచి రెండు తెచ్చారు. పాటలయ్యాయి. దానమ్మ కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంది.

"ప్రార్థనాంశాలు సెప్పండమ్మా. ఇంటిగలావిడ ముందు సెప్పాల."

అన్నమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. గారెల వేడికి మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

"మా కోడలు పద్మజ..." అంది.

అలవాటుగా నాలుగైదు తలలు వంగాయి. ఎవరో అప్పుడే నిట్టూర్చడం మొదలుపెట్టారు. వెనక గోడకి ఆనుకున్న పద్మజ లేచి నిలబడింది. ఏమీ అనలేదు. అత్తగారి కళ్లలోకి చూస్తూ నిలబడింది, అంతే.

అన్నమ్మ చేతులు నలుపుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది.

"మా కోడలు పద్మజకి ఏటీ లేదు," అంది. "డాక్టరమ్మ సెప్పినాది. మా డేవిడ్‌కి ఇన్ఫెక్షను. మగోళ్లకి వచ్చీది. దానికి మందున్నాది. ఆ మందు నాను తెలీక దీని సేత మింగించీసినాను. దినామూ ప్రార్థన సేసి మరీ మింగించినాను. ఇకనుంచి ఆడి మందు ఆడే మింగాలని ప్రార్థన సెయ్యండమ్మా."

నిట్టూర్చబోయిన గొంతు సగంలో ఆగింది. ముందు వరసలో ఒక చిన్నది నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కావిడ దాని తొడ మీద గిల్లింది.

"వదినా," అంది దానమ్మ. "ఇలాటివి ఇక్కడ సెప్పుకునీవి కావు."

"నాలుగేళ్లు దీని గర్భం గురించి ఇక్కడే సెప్పుకున్నాం కాదేటి? నువ్వే ముందు కళ్లు మూసుకునీదానివి. అప్పుడు బాగున్నాది, ఇప్పుడు బాగులేదేటి?"

పద్మజ పెదవి బిగపట్టింది. ఈ ఇంటికి వచ్చాక అత్తగారిని చూసి గర్వపడటం ఆమెకి ఇదే మొదటిసారి.

"మగోళ్లకి కూడా ఉంటాదేటి?" కొంగు అడ్డం పెట్టుకున్న చిన్నదే అడిగింది.

"ఉంటాది," అంది పద్మజ. "పైకి ఏటీ తెలీకపోవచ్చంట. నొప్పి కూడా ఉండకపోవచ్చంట. పరీక్ష సేస్తేనే బయటపడతాది. అందుకే ఇద్దరికీ సెయ్యాలంట, ఆడదానికొక్కదానికే సేసి ఊరుకోకూడదంట."

"ఇద్దరికీనా?" ఆ మాట అడిగింది దానమ్మ. అడిగాక, ఎందుకు అడిగానా అన్నట్టు కళ్లజోడు మళ్లీ తుడుచుకుంది.

గుమ్మంలో నీడ పడింది. డేవిడ్‌రాజు. బండి ఎప్పుడు ఆగిందో, ఎంత విన్నాడో తెలియదు. ఆడవాళ్ల కూడికలోకి మగవాడు రాడు. అందరూ కొంగులు సర్దుకున్నారు. అతను ఎవరి వైపూ చూడకుండా చాపల మధ్యలోంచి అడుగు తీసి అడుగు వేస్తూ తల్లి దగ్గరికి వచ్చాడు. జేబులోంచి ఎర్ర అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మెడలో లైన్‌మేన్ తువ్వాలు, నుదుటి మీద చెమట.

"నీ సేత్తో ఇయ్యమ్మా," అన్నాడు.

అన్నమ్మ బిళ్ల విడదీసి అరచేతిలో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఆమేన్ ఒక్కటి వచ్చింది. చాపల మీద ఉన్నవాళ్లంతా ఆమేన్ అన్నారు.

"ఆగు బావా," అంది పద్మజ. "ముందు రెండు గారెలు తిను. ఒట్టి కడుపున మింగితే తిప్పుతాది. నాను మింగి సూసినాను."

గది గదంతా ఒక్కసారి నవ్వింది. డేవిడ్‌రాజు కూడా నవ్వాడు. కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

ఆ నవ్వులోనూ, అంతకు ముందు ఆమేన్‌లోనూ దానమ్మ గొంతు కలవలేదు.

ముగింపు ప్రార్థన ఆవిడే చెయ్యాలి. నాకు గొంతు బాగులేదు అని ఇంకొకరికి అప్పజెప్పింది. గారెల పళ్లెం ముట్టుకోలేదు. టీ గ్లాసు చేతిలోనే చల్లారింది. అందరూ వంటింటి దగ్గర మూగినప్పుడు గాలి కోసం అన్నట్టు అరుగు మీదికి వెళ్లింది.

పద్మజ చూసి వెనకే వెళ్లింది. అప్పటికే ఆలస్యమైంది.

దానమ్మ చేతిలో షీబా జాకెట్టు ఉంది.

"ఇది నాను కొన్న గుడ్డ," అంది దానమ్మ. "పొందూరు ఎల్లి కొన్నాను. దాని మొదటి క్రిస్మస్‌కి."

"అవునత్తా."

దానమ్మ జాకెట్టు తిరగేసింది. పక్కల్లో పాత కుట్టు సూదిగుంటలు ఇంకా కనిపిస్తున్నాయి. వాటికి బయటగా కొత్త కుట్టు. ఆవిడ బొటనవేలు పాత గీత మీంచి కొత్త గీత దాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

"ఒళ్లు సేసినాదేటి అది?"

పద్మజ మిషను మీది దారం ముక్కలు ఏరసాగింది.

"సేతులు ఇప్పలేదు నువ్వు. ఒళ్లు సేస్తే ముందు సేతులు బిగుతవుతాయి." ముగ్గురిని కన్న మనిషి ఆవిడ. గొంతు తగ్గిపోయింది. "పక్కలే ఇప్పినావు. ఎన్నో నెలే?"

పొద్దుటి నుంచీ అందరికీ జవాబు చెబుతూనే ఉన్న పద్మజకి ఈ ఒక్కదానికి నోరు పెగల్లేదు. మాటిచ్చింది షీబాకి. కానీ ఆమె చెప్పకపోయినా కుట్టు చెప్పేసింది.

వీధి మలుపులో బండి హారను మోగింది. రాబర్టు. అమ్మని తీసుకెళ్లడానికి వచ్చాడు. వెనక సీటులో కొత్త పెళ్లాం, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఎటో చూస్తూ కూర్చుని ఉంది. "అమ్మా, రావే, పొద్దోతన్నాది," అని కేకేశాడు.

దానమ్మ కొడుకుని చూసింది. ఆ వెనక కూర్చున్న పిల్లని చాలాసేపు చూసింది. తర్వాత జాకెట్టు పెట్టుకోవడానికి బైబిలు సంచీ మూతి తెరిచింది.

"విజయనగరం బస్సు పొద్దున్న ఎన్నింటికి ఉన్నాదే?" అంది. "ఈ జాకెట్టు నాను పట్టుకెల్లి ఇచ్చీసొస్తాను."

"ఎందుకత్తా? అది ఇప్పుడు సుకంగా ఉన్నాది."

"అందుకే. దానికి నాను సెప్పాల్సిన మాట ఒకటి ఉన్నాది."

హారను మళ్లీ మోగింది. పద్మజ జాకెట్టు చెయ్యి ఒకటి పట్టుకుంది. జాకెట్టు రెండో చెయ్యి దానమ్మ పిడికిట్లో ఉంది. పద్మజ వదల్లేదు. దానమ్మా వదల్లేదు.